మూడు చుక్కల పలక

ఏంది సుందరీ, మీ తాత చేతకాని పనోడని ఎవురు చెప్పినారు నీకు? మీ నాయనా? వానికేం తెలుసు, అప్పటికి చంకలో బిడ్డ. కూచో. ఆ బెంచీ మింద వద్దు, దాని కాలు ఊగుతాది, ఈ పక్క కూచో. మీ తాత గోవిందస్వామన్న చెయ్యి ఎట్లాంటిదో నన్నడుగు. ఆయన పనిచేసిన లారీలు బాగుచేసే పట్టడలోనే లారీ తోలినోణ్ణి నేను. దొరల పెద్ద యుద్ధం ముగిసి ఏడెనిమిదేళ్ళయింటాది. మా యజమాని అశ్వత్థనారాయణ చెట్టికి ఒక ఆశ పుట్టింది. వీరాంపట్టినం సముద్రం ఒడ్డు ఇసకలో మామూలు లారీ దిగితే కూరుకుపోతాది, చేపల గంపలన్నీ మనుషులే మొయ్యాల. నాలుగు చక్రాలూ లాగే బండైతే నీళ్ళ అంచుదాకా పోవచ్చు గదా. యాడో పటాలమోళ్ళు పారేసిన బండి నించి ముందు ఇరుసూ, ఒక రెండో గేరుపెట్టే తెచ్చినాడు. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ బలం పంచే పెట్టె అది. "మన లారీకి పెట్రా గోవిందా" అనేసినాడు, తాంబూలం నములుకుంటా.

పెట్రా అంటే అయిపోయిందా? దాని బొక్కలు వేరే, మన గేరుపెట్టె బొక్కలు వేరే. రెండిటికీ నడుమ ఒక ఇనప పలక కావాల, ఈ పక్క దీనికి సరిపోవాల, ఆ పక్క దానికి సరిపోవాల. ఇంక కింద, ఆ పెట్టె బరువు మొయ్యను చాసీకి అడ్డంగా ఒక ఇనప దూలం. మీ తాత ఆ పలకను మూడు వారాలు ఆకురాయితో రాకినాడమ్మా. రాకేది, దారం పట్టి చూసేది, మళ్ళా రాకేది. మీ అవ్వ కన్నియమ్మాళ్ సద్ది తెచ్చి పెడితే ఈగలు తినేవి. చదువు రాదు కాబట్టి పేరుకు బదులు పలక మూల మూడు చుక్కలు పొడిచినాడు. "ఇది నా పని తిరుమలై, నా మనవడు చూసి చెప్పుకోవాల" అన్నాడు. మనవరాలు అనలేదు చూడు, ఆ కాలం మగోళ్ళు అంతే!

ఆయనకొక పద్ధతి ఉండేది. కొత్త దూలం ముందే బిగించడు. మరలు వేలితో తిప్పి వదిలేసి, లారీ మింద ఇసక మూటలేసి ఒక రోజు నిలబెడతాడు. చాసీ బరువుకి కూచున్నాక బిగిస్తాడు, లేకుంటే పలక మింద బరువు వంకరగా పడతాదని. ఆ సాయంత్రం మూటలేసినాం. మరునాడు ఆయుధపూజ. స్పానర్లన్నీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి, దేవుని పటాల ముందర పరిచేసినాం. ఆ దినం ఎవురూ ముట్టరు గదా. "రేపు బిగిస్తా, అందాక బండి కదిలించొద్దు తిరుమలై" అన్నాడు. నాకొక్కడికే చెప్పినాడు. చెప్పి, పూజ కాంగానే ఉప్పళంలో అత్తగారింటికి పోయినాడు.

మధ్యాన్నం చెట్టి బండి చూపించను ఒక దొరని వెంటబెట్టుకొని వచ్చినాడు. "బండికి మాలేసినారు, నిమ్మకాయలు తొక్కించినారు, ఇంకేంది? మూటలు దించి బండి తియ్యరా!" నేను చెప్పుండొచ్చు. ఒక్క మాట, మరలు బిగించలేదని. స్పానరు తియ్యను బయపడినా, అది సరే, బండి తియ్యనని అనుండొచ్చు గదా? అనలేదు. నాలుగు చక్రాల బండిని ముందుగా తోలినోడు తిరుమలై అని ఊరు చెప్పుకోవాలని నాకు. తోలినా. ఇసకలో దించినా. ఎక్కింది సుందరీ! దేవుని సాక్షిగా చెప్తా ఉండా, ఆ మెత్తటి ఇసకలో ఎక్కింది, పడవలోళ్ళు ఈలలేసినారు. తిరిగొచ్చేటప్పుడు కింద టప్పుమనింది. మరలు ఊడి దూలం జారిపోయింది, బరువంతా పలక మింద పడి పగిలింది, పెట్టె ఇసకలో పడింది.

మీ తాతని పిలిపించినారు. పూజకి కట్టిన కొత్త పంచెతోనే పరిగెత్తుకొని వచ్చినాడు. "నీ పలక పగిలిందిరా, దొర ముందర నా మొగం కాల్చినావు" అని చెట్టి అందరి ముందర తిట్టినాడు. ఆయన బండి కిందికి దూరినాడు, మరలు లేని బొక్కలు తడిమి చూసినాడు, బయటికి వచ్చి నా పక్క చూసినాడు. చానాసేపు చూసినాడు. నేను చెప్తానని. నేను... కాలికంటిన ఇసక దులుపుకున్నా.

అంతే. మళ్ళా ఏ పట్టడా ఆయన్ని పిలవలేదు. గోరిమేడు పక్క రోడ్డుకి కంకర కొట్టి కొట్టి దగ్గుతో పోయినాడు. నా పేరు ఎవురి కాడా ఎత్తలేదంట, మీ అవ్వ కాడ కూడా. తిట్టుంటే బాగుండు.

ఆ పలక ఆ మంచం కింద గోనెపట్టలో ఉండాది, తియ్యి. రెండు ముక్కలు. మూల తుడిచి చూడు... కనపడినాయా?

బరువుంటాది, రెండు చేతులా పట్టుకో. వాన పట్టేట్టుంది, పోయిరా.