కాకి ముట్టని కినోవా

పురసవాక్కం. పశువుల డాక్టరు గది బయట బెంచీ మీద అత్త కస్తూరి, కోడలు రంజిత. లోపల వాళ్ల కుక్క మణికి సెలైన్ ఎక్కుతోంది.

"అదే చెప్తా ఉండా గదా మే. నువ్వు చెప్పినట్టే పెట్టినా."

"కినోవా కడిగినావా అత్తా?"

"నురగ పొయ్యేదాకా కడిగినా."

"మెత్తగా ఉడికిందా?"

"పచ్చిది పెడతారా ఎవురన్నా?"

"ఉప్పు?"

"ఎయ్యలా."

"నా మొగం చూసి చెప్పు."

"ఇంత... చిటికెడు. ఉప్పు లేకుండా నోట్లోకి ఎట్ట పోతాది?"

"చిటికెడు ఉప్పుకి ఇట్టా కాదు. డాక్టరమ్మ చెప్పింది ఇన్నావా? రక్తంలో కణాలు పగిలిపోతా ఉండాయంట. చిగుళ్లు సున్నం మాదిరి తెల్లబడిపోయినాయి. ఉచ్చ పోస్తే బీట్రూట్ నీళ్లే. గోమార్లు కుట్టి వొచ్చే టిక్ ఫీవరో, తిన్నదాంట్లో ఏదన్నా విషమో తెలిస్తేనే మందంట."

"ఈదిలో దేంట్లో మూతి పెట్టిందో. ఈడ చెత్తకుండీలు తక్కవా?"

"ఈదిలోకి యాడ పోయింది? నేను ఆఫీసుకి పోతే నువ్వే గదా చూసుకునేది."

"నేను చూసుకోలా అంటావా?"

"అనలా. ఉల్లిపాయ ఏసినావా?"

"టీ తాగుతావా? పొద్దున్నించి నువ్వేం—"

"అత్తా!"

"అరవబాకు. అందురూ మననే చూస్తా ఉండారు."

"ఉల్లిపాయ ఏసినావా, లేదా?"

"కొంజం."

"కొంజం అంటే?"

"తిరగవాతలో. ఉల్లిపాయ, ఎల్లుల్లి, పచ్చిమిరక్కాయ, కరేపాకు... ఉప్మా మాదిరి."

"అయ్యో, అయ్యో! కుక్కకి ఉల్లిపాయ విషం అని చెప్తిని గదా! సుగర్ అని ఆయన కోసం కొన్న కినోవా మిగిలిపోయిందే, పారెయ్యను మనసు రాక డాక్టరమ్మని అడిగితిని. బాగా కడిగి, ఉత్తది ఉడకబెట్టి, అన్నంలో కొంచెం కలిపి పెట్టచ్చు, ఉల్లి ఎల్లుల్లి మాత్రం వద్దే వద్దు అనింది. ఎన్నిసార్లు చెప్తిని నీకు!"

"చెప్తివి. కాదంటినా?"

"ఎప్పుడు పెట్టినావు? నిన్ననా?"

"ఊఁ."

"నిన్న ఒక్కరోజేనా? ఒక్కరోజు కొంచానికి ఇంత ముదరదంట. నిజం చెప్పు."

"అమావాస కాణ్ణించి."

"రోజూనా?"

"రోజూ. కొంజం కొంజమే మే."

"అది నీకేం పాపం చేసింది అత్తా? నీ కొడుకు సాకిన కుక్క! ఆయన పోయినాంక నాకు మిగిలింది అదొక్కటే."

"నాకు మాత్రం ఇంకేం మిగిలిందే?"

"మరెందుకు పెట్టినావు?"

"కర్మ రోజు తిరువొత్తియూరు సముద్రం కాడ నువ్వూ ఉండావే. పిండం పెడితే కాకులు చుట్టూ తిరిగినాయే గానీ, ఒక్కటన్నా ముట్టిందా?"

"అయ్యోరు దర్భతో కాకిని చేసి ముట్టించినాడు గదా. సరిపోయింది అన్నాడు గదా."

"గడ్డి కాకి ముడితే నా బిడ్డ కడుపు నిండుతాదా? వెంకట్రాముకి ఏం కోరిక మిగిలిపోయిందో అని నాకు కంటికి కునుకు లేదు. అమావాస నాడు వాడికి ఇష్టమని కినోవా ఉప్మా చేసి, మిద్దె మింద ఆకేసి పెట్టినా. కా కా అని పిలిచి పిలిచి గొంతు పోయింది. ఒక్క కాకీ రాలా. మణి వొచ్చింది."

"తరిమెయ్యాల్సింది."

"తరమను చెయ్యెత్తినా. అప్పుడు చూసినా మే. కరేపాకు ముక్కుతో పక్కకి నెట్టి నెట్టి తినింది. వాడూ అట్టానే గదా? చిన్నప్పటి నించీ కరేపాకు ఏరి పక్కన పెడితే గానీ ముద్ద ఎత్తడు."

"కుక్కకి కరేపాకు నచ్చదు అత్తా. అంతే."

"అంతేనా? మరి ఆఫీసు కాణ్ణించి రాంగానే దాని పక్కన కూచోని చెవిలో ఏం చెప్తా ఉంటావు? ఏడస్తా ఏడస్తా? నాకు ఇనబళ్లేదనుకున్నావా?"

"అది... ఊరికే. ఎవురో ఒకరికి చెప్పుకోవాల గదా."

"నాకు చెప్పచ్చే."

"నీకెట్ట చెప్పేది? నీ మొగం చూస్తేనే నాకు భయం. సరే, ఇప్పుడు అదంతా వద్దు. ఉల్లిపాయ అని లోపల చెప్పొస్తా. రక్తం ఎక్కించాలంటే వేరే కుక్కని ఎతకాల—"

"అత్తే పెట్టింది అని చెప్పు. నా పేరు దాచబాకు."

"సరే. చెయ్యి ఇడువు."

"ఒక్క మాట. నేను కుక్కకి పెట్టలేదే రంజితా. నా కొడుక్కి పెట్టినా."

"తెలిసిందిలే అత్తా. ఇడువు, టైం లేదు."

"డాక్టరమ్మని అడుగు. వాడు మళ్లా పోతాడా?"