కమాండర్ టటిల్ గారి ఫలకం మీద ఒక్క వాక్యం

మధ్యాహ్నం సన్మానం. ఫలకం చెక్కేవాడు శనివారం పదింటికే కొట్టు కట్టేస్తాడు. అప్పటికే తొమ్మిదిన్నరైంది. పెన్సకోలాలో మా మాజీ సైనికుల హాల్లో కాఫీ పోసేదాన్ని నేనే, ఫలకం పని నెత్తినేసుకున్నదాన్నీ నేనే. ఇరవై ఆరేళ్లు నౌకాదళంలో విమానం నడిపిన హార్లన్ టటిల్ గారు ఏం చేశారో ఒక్క వాక్యం చెప్పండి బాబూ అని మూడు వారాలుగా ఆయన ప్రాణం తీస్తున్నాను. ఆయన నా ప్రాణం తీస్తున్నారు.

"మార్లీన్, ఆ పెన్ను కింద పెట్టు. పెద్ద విషయమేం కాదమ్మా. పసిఫిక్ మధ్యలో కాస్త గాలిగా ఉంది, ఓడ మీద దిగాలి. డెక్ మీద అడ్డంగా నాలుగు ఉక్కు తాళ్లుంటాయి, విమానం తోకకున్న కొక్కెంతో మూడోదాన్ని పట్టినవాడు మొనగాడు. పట్టాను. అంతే."

"రాసుకున్నా. గాలివానలో దిగారు."

"గాలివానా? గాలివానైతే కునుకు తీస్తూ దిగేవాణ్ణి! అలలు మేడల ఎత్తున లేస్తున్నాయి, మబ్బులోంచి ఓడ కొస మాత్రం కనిపిస్తోంది, ఇంతలో ఒక ఇంజను ఆగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రెండోదీ ఆగింది."

"ఉన్నవే రెండు కదయ్యా," అన్నాడు రోస్కో. అప్పట్లో ఓడ డెక్ మీద ఆ తాళ్లు చూసుకున్నవాడు.

"అదేగా చెప్తున్నాను! రెక్క మీదకి పాక్కుంటూ వెళ్లి ఎడమదాన్ని చేత్తో, కుడిదాన్ని కాలితో తిప్పాను. అంతలో శత్రువుల విమానాలు నాలుగు, రోస్కో, అలా చూడకు, ఆరు, చుట్టూ మూగాయి. నా దగ్గర తుపాకీ లేదు, సంచులు విసిరాను, సంచికొకటి చొప్పున కూలిపోయాయి..."

"ఏం సంచులు?" అన్నాను.

"సంచులేవో సంచులు! ప్రతిదానికీ అడ్డు తగులుతావేం? ఇక దిగానా, కొక్కెం మూడో తాడు పట్టిందా, విమానం ఆగలేదు, ఓడే ఆగిపోయింది! అడ్మిరల్ గారి సూపంతా ఆయన మీసాల మీదే. ఆగిపోయిన ఓడని నడిసముద్రంలో వదిలేస్తామా? మళ్లీ పైకి లేచి, అదే తాడుతో ఐదు వేల మందితో సహా హవాయి దాకా ఈడ్చుకెళ్లాను. దార్లో రెండుసార్లు భోజనాలకి ఆపాను కూడా."

తొమ్మిది నలభై అయిదు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

రోస్కో కప్పు బల్ల మీద ఠక్కున పెట్టాడు. "ఏ ఓడ?"

"ఏ ఓడేమిటి, మీ ఓడే!"

"మా ఓడ ఇరవై మైళ్ల అవతలుంది. నువ్వు దిగింది వేరే ఓడ మీద. ఓడ తప్పి దిగినవాణ్ణి ఊరికే వదులుతారా? నీ విమానం పొడవునా 'దారి తప్పిన పోస్ట్‌మ్యాన్' అని రంగుతో రాసి మా ఓడకి పంపారు. ఆ రంగు గీకలేక చచ్చినవాణ్ణి నేను. నువ్వు నడిపింది టపా విమానం హార్లన్. ఇరవై ఆరేళ్లూ టపాయే."

కమాండర్ గారి ముఖం మాడిపోయింది. "అందరూ యుద్ధాలు చేశారు. నేను సంచులు మోశాను. అది ఇత్తడి మీద చెక్కిస్తారటరా?"

"ఆరు నెలలు నీళ్లు తప్ప ఏమీ కనిపించని చోట, బాంబులేసొచ్చినవాడి కోసం మేం ఎదురుచూడలేదయ్యా. నీ కోసం చూశాం. నీ విమానం వచ్చిందంటే ఓడంతా బారులు తీరేది. మా అమ్మ ఆఖరి ఉత్తరం ఆ రోజు సంచిలోనే ఉంది."

"తెలుసు," అన్నారాయన. గొంతు బాగా తగ్గింది. "నాలుగు రోజులు ఆలస్యమైంది. ఇన్నేళ్లూ నువ్వా మాట ఎత్తలేదు."

"తెచ్చిచ్చావు కదా!" అని కసిరాడు రోస్కో.

ఇంక ఆగితే లాభం లేదని కొట్టుకి ఫోన్ చేశాను. "రాసుకోండి. 'ఇరవై ఆరేళ్లు మా ఉత్తరాలు మాకు వేళకి చేర్చారు.' అంతే."

"ఆగు," అంటూ కమాండర్ గారు ఫోన్ లాక్కున్నారు. మళ్లీ ఆ ఆరు విమానాలూ వచ్చేస్తాయనుకున్నాను.

"'ఒక్కసారి తప్ప' అని కూడా చెక్కు," అన్నారు.