ఆయన పేరు మీద ప్రార్థన

తప్పేంది పాస్టరయ్యగారూ? కేథలిక్కుల ఆర్‌సీఎం చర్చిల, సచ్చిపోయిన మా ఆయన రాజయ్య పేరు మీద పూజ చెప్పిచ్చిన, గంతే గదా. గింత ఎండల, గది అడగనీకి ఇంటిదాక వచ్చిండ్రు. కూసోండ్రి, నీళ్లు తాగుండ్రి.

మొదలు మిమ్ములనే అడగలేదా? ఆయన పోయినంక మీరు పరామర్శకు వస్తె, ఆయన ఆత్మ కోసం ఒక్క మాట ప్రార్థన చెయ్యండ్రని బతిమాలిన. నన్ను ఓదార్చమని ప్రార్థించిండ్రు. పిల్లల కోసం ప్రార్థించిండ్రు. ఆయన పేరెత్తలే. సచ్చినంక తీర్పే గని ప్రార్థన లేదన్నరు. మేమంటె బతికున్నం. పోయింది ఆయనొక్కడే గదా.

అవు, బాప్తిస్మం తీసుకోలే. మరిపెడల వాళ్లవ్వ ఉన్నన్ని దినాలు ఆమె మనసు నొప్పియ్యనన్నడు. గని ప్రతి ఆదివారం నన్ను బండి మీద తెచ్చి చర్చి కాడ దించెటోడు. ఆరాధన అయ్యేదాక గేటు కాడనే నిలబడెటోడు. లోపటికి రా అంటె, పాట ఈడికే మంచిగ ఇనొస్తది అనెటోడు. క్రిస్మస్‌కు మన చర్చి మీద స్టార్ కట్టింది ఎవరు మరి?

మానుకోట దవాఖానకు తీస్కపోతుంటె, అంబులెన్స్‌ల నా చెయ్యి గట్టిగ పట్టుకున్నడు. పెదవులు కదిలినయి. నోటికాడ చెవి పెట్టిన. సైరన్ మోతకు ఒక్క ముక్క ఇనవడలే. దవాఖాన రాకముందే చెయ్యి వదిలిండు.

ఏమన్నడు? దూపైతుంది, నీళ్లు కావాలన్నడా? నన్ను పిలిచిండా? సిలువ మీది దొంగ ఆఖరి గడియల ఒక్క మాట అని పరదైసుకు పోయిండని మీరే చెప్తిరి. పక్కన కూసున్న నాకే ఆయన మాట ఇనవడలే. ఆయన ఏడికి పోయిండో మీకెట్ల ఎర్క?

ఆ ఆర్‌సీఎం చర్చి ఫాదర్‌ను గూడ గదే అడిగిన. దేవుని కనికరానికి అప్పజెప్తం తల్లీ, తర్వాతది మాకు తెల్వదన్నడు. తెల్వదు అన్న గా మాటకే నా పానం జర కుదుటపడ్డది.

ఇగ ఆయన కోసం ప్రార్థన చెయ్యనని మాటియ్యమంటున్నరు. ఎట్లియ్యాలె? మోకాళ్లేస్తె నా నోట్ల మొదలు వచ్చేది ఆయన పేరే. మొన్న ఆదివారం మీరు ముంగట ప్రార్థన చేస్తున్నరు. అందరు కండ్లు మూసుకున్నరు. నేను ఎనుక కూసోని, మా రాజయ్యను నీ దగ్గర ఉంచుకో ప్రభువా అని మెల్లగ అన్న.

మీరు ఆమేన్ అన్నరు. సంఘమంత ఆమేన్ అన్నది.

గా ఆమేన్‌ను ఎట్ల వాపస్ తీసుకుంటరు, అయ్యగారూ?