రెండోరోజు చేపలకూర

కేరళలోని కుట్టనాడులో ఒక వంటింటి గడప మీద అరవై మూడేళ్ల అత్త పదో తరగతి పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఊగిపోతూ చదువుతోంది. పక్కనే కోడలు బియ్యం ఏరుతోంది. పరీక్షకి ఇంకా పది రోజులుంది.

"పొద్దుట్నించీ ఇరవైసార్లు చదివానే మోళే, నా తల్లీ. పుస్తకం మూస్తే ఒక్క నదీ గుర్తు లేదు."

"ఒక్కపూటలో ఇరవైసార్లు చదివితే ఏం నిలుస్తుంది అమ్మచ్చీ?"

"నిరుడు తప్పానని నీ మొగుడు ఇంకా నవ్వుతున్నాడు. ఈసారీ తప్పితే ఇంట్లో తలెత్తుకోలేను."

"అది సరే, రేపటి చేపలకూర ఇవాళే ఎందుకు వండారు?"

"చింతపండు బదులు వేసిన కుడంపులి పులుపు రాత్రంతా చట్టిలో ముక్కకి పట్టాలి. మర్నాడు వెచ్చబెడితే దాని రుచే వేరు. ఈమాత్రం తెలీదూ?"

"మరి పాఠాన్ని ఒక్కపూటలోనే మాడుస్తారేం?"

"అమ్మ దొంగా!"

"పుస్తకం ఇటివ్వండి. రేపు అడుగుతాను."

మర్నాడు అదే గడప మీద కోడలు పుస్తకం వెనక్కి దాచుకుంది.

"మన రాష్ట్రంలో తూర్పుకి పారే నదులు మూడూ చెప్పండి."

"ఒక్కసారి చూపించవే!"

"కుదరదు. మూత తీయకుండానే కూరలో ఉప్పు తక్కువైందని చెప్తారుగా, ఇదీ అలాగే."

"కబని... భవాని... ఉండవే, నోట్లోనే ఉంది... పాంబార్!"

"అదీ! ఎల్లుండి మళ్లీ వెచ్చబెడదాం."

"పాఠాన్నే కదా? కూర రాత్రే నీ మొగుడు చట్టితో సహా నాకేశాడు. ఇదైతే వాడికి అందదు!"