ముడి ఇప్పని సుత్తె

"అమ్మమ్మా, తలుపెనక ఈ సుత్తె ఎందుకే? పాత సామానోనికి ఏస్త."

ఏందీ? చెయ్యి దియ్ దాని మీదకెల్లి! అది మీ తాతది. జర గిట్ల కూసో, చెప్త.

అప్పుడు మేం కొత్తగూడల రేకుల ఇంట్ల ఉంటుంటిమి. ఈ అద్దాల బిల్డింగులు అప్పుడప్పుడే లేస్తున్నయి. అంతా గుట్టలు, బండలే. ఆ బండలు కొట్టుడే మీ తాత పని. కూలి దినానికి డెబ్బయ్... కాదు కాదు, ఎనభై రూపాలు. తాగే నీళ్లా? పని కాడ డ్రమ్ముల నిలవున్నయే తాగుతుండె.

ఆ ఎండకాలం కడుపునొప్పి పట్టుకున్నది. చెంబు వట్టుకొని దినానికి పదిసార్లు గుట్టెనకకు ఉరుకుతుండు. అడిగితే "వేడి చేసిందే, ఫికర్ జెయ్యకు" అంటుండు. నేను సబ్జా నీళ్లిచ్చుడే ఇచ్చుడు. మనిషి సగమైండు.

ఒకనాడు జూస్తే సుత్తె లేదు. "తమ్మునికిచ్చిన" అన్నడు. రాయి కొట్టెటోడు సుత్తె ఇచ్చేసిండంటే, ఇగ బతకననుకున్నట్టే కదా బిడ్డా. గట్టిగడిగిన. రెండు నెలల సంది జిగట, నెత్తురు పడుతున్నదట! వాళ్ల నాయిన గూడ గట్లనే కడుపుల గడ్డతోని పోయిండు. "నాకూ గదే" అన్నడు. దాచినందుకు తిట్టిన, ఏడ్చిన, రెండూ జేసిన.

మియాపూర్ కాడ దవాఖానల జూపిస్తే దొడ్డికి పరీక్ష రాసిర్రు. తెల్లారి అగ్గిపెట్టెల వెట్టుకొని నేనే పోయిన. బస్సు ఎంతకూ రాకపాయె, పోయేసరికి మధ్యాహ్నమాయె. పురుగులేం కనవడలేదని కాయితమిచ్చిర్రు. అది జూసి మీ తాత, "పురుగైతే కనవడేది కదనే, గడ్డనే" అన్నడు.

ఆ పరీక్ష జేసే కాడ ఒక సిస్టరమ్మ ఉండె, గుంటూరు దిక్కామె, మెడల సిలువ. కాయితమిచ్చేటప్పుడే ఆమె నాకు చెప్పింది. "అమీబా అని కంటికి కనపడని పురుగు ఉంటుందండీ. చల్లారితే కదలదు, దొరకదు. ఆయన్నే తీసుకురండి, వేడిగా ఉన్నప్పుడే చూస్తాను."

తీస్కపోయిన. డబ్బీ చేతికిచ్చి లోపలికి పంపిర్రు. ఇగ సూడు తమాష! పదిసార్లు ఉరికెటోనికి, ఆ టైల్సు గదిల రానే రాదాయె! "బయట జనాలు కూసుంటే నాకెట్ల వస్తదే?" అంటడు. పొద్దంతా కూసున్నం. నాలుగు చాయ్‌లు, కట్ట బీడీలు అయిపోయినయి. ఇంటికి పోదామని లేసిండు. నేను తోవకడ్డం కూసున్న. "సస్తే సావు గని, డబ్బీ నింపి సావు!" అని ఒర్రిన. సిస్టరమ్మ నవ్వాపుకోలేక సచ్చింది. ఆ ఒర్రుడుకే వచ్చిందో ఏందో, లోపలికి ఉరికిండు.

జరసేపటికి ఆమె నన్ను పిలిచింది. "చూడండమ్మా, కదులుతోంది." పురుగులు జూసే మిషన్ గొట్టంల కన్ను వెట్టిన. బుడగ లెక్క, మెల్లగ పాకుతున్నది. "అయితే గడ్డ కాదా?" అన్న. "ఈ పురుగేనండీ. గోలీలేసుకుంటే పోతుంది." డాక్టరు గూడ గదే అన్నడు. ఎంత హాయిగుండెనో! ఆ పురుగుకు దండం వెట్టిన, నీ తోడు.

గోలీలకు నోరంత ఇనుము నాకినట్టున్నదని లొల్లి వెట్టిండు. కల్లు ముట్టొద్దన్నరు, దానికింకా ఎక్కువ ఏడ్సిండు. పది దినాలల్ల నెత్తురు బందైంది.

అప్పుడొచ్చిండు మీ చిన్నతాత, సుత్తె వట్టుకొని. మీ తాత ఏ గుడ్డల చుట్టి ఇచ్చిండో ఆ గుడ్డల్నే ఉన్నది, ముడి గూడ ఇప్పలే. "ఇప్పితే నువ్వు పోయినట్టే కదనే అన్నా" అన్నడు. ఇద్దరూ ఏడ్సుకుంట ఇప్పబోతే ముడి బిగుసుకపోయింది, రాలే. నేనే కత్తిపీటతోని కోసిన.

ఆనాడు ముడి కోసినంక... ఇరవై ఏండ్లు బండలు కొట్టిండు ఆ సుత్తెతోని. ఆడ్నే పెట్టు బిడ్డా. సల్లగుండు, నూరేండ్లు బతుకు. ఏమన్న అయితే సిగ్గువడకుంట నాకు జెప్పు... చేతులు కడిగినవా? పో, సబ్బుతోని కడుక్కొనిరా, అన్నం వెడ్త.