ఉదయం ఏడింటికి ఫోను చేసిన మాస్టారు

1989 జూన్ 12, సోమవారం నాడు మా ఆసుపత్రి పురుషుల వార్డులో నర్సుగా విధుల్లో చేరిన మా సహోద్యోగి ముప్పై ఆరేళ్ళ సర్వీసు ముగించుకుని ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. చేరిన నాటి ఉత్తర్వులో ఆయన హోదా నర్సు, నేటి ఉత్తర్వులో మధుమేహ విద్యా విభాగ బాధ్యులు. ఈ రెండూ రోగులకు పట్టవు. వాళ్ళకు ఆయన షుగర్ మాస్టారు. మాకూ అంతే.

మొదటి ఏడేళ్ళు వార్డులోనే పనిచేశారు. ఇన్సులిన్ మొదలుపెట్టిన రోగి ఇంటికి వెళ్ళే ముందు సూది వేసుకోవడం నేర్పే పని ఆయనది. నారింజపండు మీద పదిసార్లు గుచ్చించి, పదకొండోసారి రోగి తన పొట్ట మీద తనే వేసుకునేలా చూసేవారు. 1996లో ఒక లారీ డ్రైవరు ఇలాగే నేర్చుకుని, తప్పులేకుండా అప్పజెప్పి ఇంటికి వెళ్ళాడు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం అతని షుగర్ పడిపోయింది. చెమటలు పట్టాయి, మాట ముద్దయింది, ఎదురొచ్చినవాళ్ళను తిట్టాడు. తాగి వచ్చాడనుకుని అన్నదమ్ములు గదిలో పెట్టి గొళ్ళెం వేశారు. మత్తు దిగాక తెరుద్దామనుకున్నారు. సాయంత్రం నాలుగింటికి తెరిచి, ఆసుపత్రికి మోసుకొచ్చారు. మూడో రోజు చనిపోయాడు.

ఆ కేసు మీద జరిగిన సమావేశంలో మాస్టారి తప్పు లేదని తేల్చారు. ఆయన ఒప్పుకోలేదు. "నేను పాఠం చెప్పింది పడిపోయేవాడికి సార్. పట్టుకునేవాళ్ళకి చెప్పలేదు" అన్నారు. ఆ మాట మినిట్స్ పుస్తకంలో ఉంది.

మరుసటి ఏడాది అప్పటి పెద్ద డాక్టరు గారు ఆయనకు పద్నాలుగో నంబరు గది ఇచ్చారు. బకెట్లు, చీపుళ్ళు పెట్టుకునే గది అది. వాటిని ఖాళీ చేయించి ఒక బల్ల, మూడు కుర్చీలు, పాదాల అడుగుభాగం చూసుకునే అద్దం, బరువు చూసే యంత్రం పెట్టుకున్నారు. తలుపు మీద ఒక కాగితం అంటించారు: "ఇంటి నుంచి ఒకరు మీతో రావాలి. ఒంటరిగా వస్తే పాఠం చెప్పబడదు."

ఆ గదికీ మా రికార్డుల గదికీ మధ్య ఉన్నది ప్లైవుడ్ అడ్డు మాత్రమే. అందుచేత గత ఇరవై రెండేళ్ళుగా మాస్టారి పాఠాలు నేనూ విన్నాను. షుగర్ తగ్గి వణుకుతున్న మనిషికి, స్పృహ ఉంటేనే, మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించాలని, పావుగంట ఆగి మళ్ళీ రక్తం చూడాలని, స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తేవాలని నాకు కంఠతా వచ్చేసింది. రోగులకంటే ఇంటివాళ్ళతోనే ఆయన ఎక్కువసేపు మాట్లాడేవారు. ఒకసారి ఒక భార్య గారి గొంతు ప్లైవుడ్ అవతల నుంచి ఇలా వినపడింది:

"జేబుల్లో బిస్కెట్లు దాచుకుంటున్నాడండీ ఈ మనిషి. రోజూ వెతుకుతున్నా."

"జేబులు వెతకడం మీ పని కాదమ్మా. మీరు పోలీసయితే ఆయన దొంగవుతారు. ఇద్దరూ కలిసి ఎంత తిన్నారో రాసుకోండి."

"నేనేం తింటానండీ, నాకు లేదుగా షుగరు!"

"ఆమె జేబు కూడా చూడమనండి మాస్టారూ" అన్నాడు భర్త. ముగ్గురూ నవ్వారు. తర్వాత ఇద్దరూ నెలనెలా కలిసే వచ్చారు.

ఆ కాగితం మీది రూలు ఏడేళ్ళు నడిచింది. 2004లో గడియారాలు బాగుచేసే ఒకాయన దాన్ని మార్పించాడు. కొట్టు వెనక గదిలో ఒక్కడే ఉండేవాడు. మొదటిసారి ఒంటరిగా వస్తే మాస్టారు వెనక్కి పంపారు. రెండోసారీ పంపారు. మూడోసారి అతను తన బావమరిదినంటూ ఒకరిని వెంటబెట్టుకొచ్చాడు.

"మీ బావ గారు పొద్దున ఎన్నింటికి తింటారండీ?" అని మాస్టారు అడిగారు.

"బావదేముందండీ, ఎప్పుడు పెడితే అప్పుడు తింటాడు."

"ఎవరు పెడతారు?"

"మా అక్క."

"ఆయనకి పెళ్ళి కాలేదని చీటీలో రాసుందే!"

బావమరిది ఒప్పేసుకున్నాడు: "నాది ఈయన కొట్టు పక్క సెలూనండీ. ఓ గంట కూర్చుంటే చాలన్నాడు. కొట్టు మూసుకొచ్చా."

గడియారాలాయన మాట అప్పుడు వినపడింది. "మనిషిని తెమ్మన్నారు మాస్టారూ. నాకెవరున్నారు? దొరికినవాణ్ణి తెచ్చుకున్నా."

మాస్టారు సెలూన్ యజమానికి రెండు గంటలు పాఠం చెప్పారు. పంచదార ఎక్కడ ఉంచాలో, పొద్దున కొట్టు తెరవకపోతే ఏ తలుపు తట్టాలో అతనిచేతే చెప్పించారు. వాళ్ళు వెళ్ళాక తలుపు మీది కాగితంలో "ఇంటి నుంచి" అన్న మాటల్ని, రెండో వాక్యాన్నీ కొట్టేశారు. "ఒకరు మీతో రావాలి" అన్నంత మాత్రం మిగిలింది. ఆ ఒకరు కూడా దొరకని వాళ్ళ కోసం, మర్నాటి నుంచి ఉదయం ఏడింటికి ఇంటి నుంచి ఫోను చేయడం మొదలుపెట్టారు. అడిగేవి రెండే ప్రశ్నలు. లేచారా? ఎంత ఉంది?

ఇరవై ఒక్కేళ్ళలో ఆ జాబితాలో ముప్పై ఒక్కమంది ఉన్నారు. రెండుసార్లు ఫోను చేసినా ఎత్తకపోతే మాస్టారు స్కూటరేసుకుని వెళ్ళేవారు. రెండు సందర్భాల్లో తలుపు పగలగొట్టించాల్సి వచ్చింది. ఒకరు బతికారు. మూడోసారి వెళ్ళింది బట్టలు కుట్టే ఒకావిడ ఇంటికి. మేమంతా టైలరమ్మ అంటాం. నాలుగో అంతస్తు ఎక్కి తలుపు బాదితే ఆవిడ మెడలో టేపుతో వచ్చి తీశారట.

"పొద్దున్నే ఏంటండీ ఈ బాదుడు? పోయాననుకున్నారా?"

"అవునమ్మా."

ఫోను ఎక్కడుందో ఇద్దరూ కలిసి వెతికారు. ఇన్సులిన్‌తో పాటు ఫ్రిజ్‌లో పెట్టేశారావిడ. ఈ సంగతి ఆవిడే మా గదికొచ్చి చెప్పి వెళ్ళారు. మాస్టారు చెప్పలేదు.

మాస్టారు తన గురించి చెప్పుకోవడం మేమెవరం ఎరగం. పెళ్ళి చేసుకోలేదు. తల్లి గారు 2009లో కాలం చేశారు. మధ్యాహ్నం ఒకటింబావుకు పద్నాలుగో గదిలోనే క్యారేజీ విప్పేవారు. క్యాంటీన్‌కు పిలిస్తే "మీరు కానివ్వండి" అనేవారు. కొన్నాళ్ళకు పిలవడం మానేశాం. ఇప్పుడు ఈ వ్యాసం రాస్తుంటే అది మా లోటుగానే తోస్తోంది. పెన్షన్ కాగితాల కోసం ఈ నెలలో ఆయన సర్వీసు పుస్తకం తెరిచాను. అత్యవసరమైతే ఎవరికి తెలపాలి అన్న చోట తల్లి పేరు కొట్టేసి, పద్నాలుగో గది ఇంటర్‌కామ్ నంబరు రాసి ఉంది. అది రాసిన నాటికి ఆ గదిలో ఉండేది ఆయనొక్కరే.

పదవీ విరమణ దగ్గరపడ్డాక జాబితాలోని పదమూడు మంది సంగతి ఏమిటన్న ప్రశ్న వచ్చింది. రికార్డు చేసిన గొంతుతో రోజూ ఫోను వెళ్ళే ఏర్పాటు చేద్దామని సూపరింటెండెంటు గారు ప్రతిపాదించారు. "టేపు అడిగితే ఎవరు జవాబు చెప్తారు సార్?" అని మాస్టారు వద్దన్నారు. ఇంట్లో కూర్చుని మీరే చేయవచ్చు కదా అని నేనడిగాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"ఒక్కడి మీద పదమూడు మందిని వేలాడదీయడమే నేను చేసిన తప్పు. రేపు నేనే లేవలేదనుకో. వాళ్ళు ఫోను చూసుకుంటూ కూర్చుంటారు. నేను లేవలేదని కనుక్కునేదెవరు?"

అందుకే గత నెల మూడో శనివారం ఉదయం ఆ పదమూడు మందినీ పిలిపించారు. పద్నాలుగో గది చాలక మా రికార్డుల గదిలో కూర్చోబెట్టాం. ఇకమీదట ఇద్దరిద్దరు జతలుగా ఒకరికొకరు ఫోను చేసుకోవాలన్నది ఆయన పథకం. జతలు రాసుకునే పని నాది. పక్క సెలూన్ ఎత్తేశాక ఈ జాబితాలో చేరిన గడియారాలాయనకు రిటైరైన పోస్ట్‌మ్యాన్ జత కుదిరాడు. "టైము తప్పితే ఈయన ఊరుకోడు, ఉత్తరం ఆలస్యమైతే నేనూ ఊరుకోను" అని పోస్ట్‌మ్యాన్ అంటే అందరూ నవ్వారు. ఆరు జతలు తేలాయి. టైలరమ్మ మిగిలారు.

"మరి నాకెవరండీ?"

"మీకు నేను చేస్తానమ్మా" అన్నారు మాస్టారు.

"మీకెవరు చేస్తారు?"

"నాకెందుకమ్మా?"

"అందరినీ అడిగే మనిషి, మీదెంతో ఒక్కనాడన్నా చెప్పారా? చూపించుకున్నారా అసలు?"

మాస్టారు చేతిలో కాగితం బల్ల మీద పెట్టారు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఉందమ్మా. ఆరేళ్ళయింది."

పక్క గదిలో ఉన్న నాకు తెలియదు. ఆయన దగ్గర నాలుగేళ్ళుగా పని నేర్చుకుంటున్న సిస్టరుకీ తెలియదు. రక్తం బయట ల్యాబులో చూపించుకునేవారట.

"ఆరేళ్ళు ఎవరికీ చెప్పలేదా?" అని టైలరమ్మ అడిగారు.

"ఎవరికి చెప్పమంటారు?"

ఇరవై రెండేళ్ళు ప్లైవుడ్ ఇవతల కూర్చున్నది నేను. టైలరమ్మే మళ్ళీ మాట్లాడారు.

"నాకు చెప్పండి. ఈ పొద్దున ఎంత?"

"నూట డెబ్భై ఆరు."

"నిన్న ఏం తిన్నారు?"

మాస్టారు చెప్పారు. ఆవిడ మందలించారు. ఆయన తలూపారు. ఏడో జతగా ఆ ఇద్దరినీ నేను రాసుకున్నాను.

పద్నాలుగో గదిలో వచ్చే నెల నుంచి సిస్టరు పాఠం చెబుతారు. మాస్టారు నేర్పిన పద్ధతిలోనే చెబుతారన్న నమ్మకం మాకుంది. క్యాంటీన్‌కు పిలవాల్సిన మనిషిని పిలవని మా అలవాటు ఆవిడ విషయంలో సాగనివ్వం.

వేలమందికి, వాళ్ళ ఇళ్ళలోని వేలమందికి ఈ వ్యాధితో బతకడం నేర్పిన మాస్టారు ఇకనైనా తమ ఆరోగ్యాన్ని తాము చూసుకుంటూ, నిండు ఆయుష్షుతో, కళ్ళూ కాళ్ళూ చల్లగా ఉండాలని సహోద్యోగులందరి తరఫున కోరుకుంటున్నాను. వచ్చే నెల నుంచి ఉదయం ఏడింటికి మోగేది ఆయన ఫోను. రెండో రింగులోపు ఎత్తాలని, ఉన్న అంకె ఉన్నట్టు చెప్పాలని మా మనవి. ఎత్తకపోతే టైలరమ్మ నాకు చేస్తారు. ఆయన ఇంటి దారి ఈ నెలలోనే కనుక్కున్నాను.