పిట్ట పక్క తడిపిన సంగతి

అదే అంటున్నాను బావా, ఆ గొంతు బస్సులో పనికొస్తుంది గానీ మా ఇంట్లో ఎందుకు? చివరి సీటువాడికి కూడా వినబడాలని కేకేస్తావు, సరే, కండక్టరువి, నీ ఉద్యోగం. పొద్దున్నే పక్క మీంచి లేస్తూ కూడా కేకెయ్యాలా?

ఆఁ ఆఁ, కదలకు. గడ్డం నీది, కత్తి నాది. మాట్లాడకు, నోట్లోకి నురగ పోతుంది. మా అక్కని నీకిచ్చి చేసినప్పట్నుంచీ చూస్తున్నాను, నువ్వు నోరు మూసుకుని నేను తెరిచే సందు ఒక్కసారైనా దొరికిందా? ఇవాళ దొరికింది. షాపులో ఎవరూ లేరు. తలుపు దగ్గరగా వేశాను. విను.

దేని గురించో తెలుసుగా? నా కూతురు పిట్ట గురించే.

మొన్న సెలవులకి మీరంతా వచ్చారు. హాల్లో వరసగా పరుపులు పరిచాం. పిట్ట పట్టుబట్టి మామయ్య పక్కనే పడుకుంటానంది. పడుకుంది. పక్క తడిపింది. ఆరేళ్ళ పిల్ల, తడిపింది, ఏమైంది? నీ లుంగీ అంచు తడిసింది. అంతేగా! నువ్వేం చేశావు? లేచి నిలబడి, చేతులు బారచాచి, "చెరువుకి గండి పడిందోయ్! పిల్లాజెల్లా అందరూ గట్టెక్కండి!" అని అరిచావు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కాదనను. అసలు ముందు నవ్వింది పిట్టే. పకపకా నవ్వింది. పిల్ల కూడా నవ్వుతోంది కదా, తప్పేముంది అనుకున్నాం. అక్కడే బోల్తా పడ్డాం బావా. అందరూ నవ్వుతుంటే అది మాత్రం ఏం చేస్తుంది పాపం?

తల కాస్త ఎత్తు. ఆఁ, అలాగ.

మీరు వెళ్ళాక బడినుంచి నీళ్ళసీసా నిండుగా తిరిగి రావడం మొదలెట్టింది. మా ఆవిడ ముందు పట్టించుకోలేదు. తర్వాత అడిగింది, "ఏమే, నీళ్ళు తాగట్లేదా?" అని. "దాహం లేదు" అంది. అన్నం తినేటప్పుడు కూడా మంచినీళ్ళు ముట్టుకోదు. గొంతు పట్టుకుంటే కళ్ళు తేలేస్తుంది గానీ గ్లాసు అందుకోదు. రాత్రిళ్ళు గోడకి జేరబడి కూర్చునేది. పడుకోవే అంటే ఏమందో తెలుసా? "నిద్రపోకపోతే రాదు కదా నాన్నా."

నేనూ దాని పక్కనే గోడకి జేరబడ్డాను.

మేమేదో పెద్ద తెలివైనవాళ్ళమని అనడం లేదు. మేమూ వేషాలేశాం. మా అత్తగారు వచ్చి, "బెదిరిస్తే అదే మానుతుంది" అంది. బెదిరిస్తే ఇంకా ఎక్కువైంది. నేను నిద్రలో ఉన్నదాన్ని బస్తాలా భుజాన వేసుకుని బాత్‌రూముకి మోసేవాణ్ణి. అది కళ్ళు తెరవకుండానే పని కానిచ్చి మళ్ళీ నా భుజం మీద వాలిపోయేది. అది నేర్చుకున్నదేం లేదు, నా నడుం పట్టేసింది అంతే.

చివరికి కడుపునొప్పి అని ఏడ్చింది. ఒంటేలుకి వెళ్తే మంట. డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాం. పరీక్ష చేసి, నీళ్ళు తాగకే ఈ మంట అని తేల్చింది.

ఆవిడ చూడు, మహాతల్లి, మమ్మల్ని లెక్క చెయ్యలేదు. కుర్చీ జరుపుకుని పిట్ట ఎదురుగా కూర్చుని దాంతోనే మాట్లాడింది. "నీ కడుపులో ఒక చిన్న సంచి ఉంది. అది నిండగానే పైన ఉన్న మెదడుకి కబురు పంపిస్తుంది. నువ్వు మహా గట్టిగా నిద్రపోతావు. ఆ కబురు వచ్చి తలుపు కొడుతుంది, కొడుతుంది, లోపల ఎవరూ లేవరు" అంది.

మా పిట్ట ఆలోచించి, "మరి తప్పెవరిది?" అని అడిగింది.

"ఎవరిదీ కాదు. నువ్వు పెద్దయ్యేకొద్దీ ఆ తలుపు చప్పుడు వినబడుతుంది. కొంతమందికి తొందరగా, కొంతమందికి ఆలస్యంగా. నీ క్లాసులో ఇంకా ఉంటారు, ఎవరూ చెప్పుకోరు, నీలాగే" అంది ఆవిడ.

బావా, ఆ మాటకి దాని భుజాలు కిందికి దిగాయి. నిజం! అప్పటిదాకా అవి చెవులకి అంటుకుని ఉన్నాయని నేను గమనించనే లేదు. రోజంతా తలలు పట్టుకునే నా వృత్తిలో, నా కూతురి భుజాలు నాకు కనబడలేదు.

తర్వాత మాకు పడ్డాయి అక్షింతలు. నీళ్ళు మానిపించకూడదు, పగలంతా బాగా తాగాలి, పడుకునే ముందు మాత్రం తగ్గించాలి. పక్కెక్కబోయే ముందు ఒకసారి వెళ్ళి రావాలి. విరేచనం బిగబట్టకూడదు. తిట్టకూడదు, పోల్చకూడదు, వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ చెప్పకూడదు. ఇంకొన్నాళ్ళు చూసి, తగ్గకపోతే మళ్ళీ తీసుకురమ్మంది. అంతే. మందూ లేదు, మాకూ లేదు.

ఇటు తిరుగు. కుడిచెంప.

ఇప్పుడు మా ఇంట్లో అది పెద్ద విషయం కాదు. పరుపు మీద రబ్బరుగుడ్డ. నడవాలో చిన్న దీపం. తడిస్తే పిట్ట దుప్పటి తీస్తుంది, రెండో కొస నేను పట్టుకుంటాను, ఇద్దరం కలిసి బకెట్లో పడేస్తాం. శిక్ష కాదయ్యా! దానికి అదో దర్జా. "నాన్నా, నువ్వు సరిగ్గా మడవట్లేదు" అని నన్నే కసురుతుంది.

మొన్నొక పొద్దున షాపు నిండా జనం. హెడ్మాస్టరు గారు నువ్వు కూర్చున్న ఈ కుర్చీలోనే ఉన్నారు, సగం మొహం నున్నగా, సగం నురగగా. పిట్ట లోపలినుంచి వచ్చి నడుం మీద చెయ్యి వేసుకుని, "నాన్నా, పక్క తడిసింది, కొస పట్టుకుందువు గాని రా" అంది. ఎంత మామూలుగా అందంటే, పాలు పొంగుతున్నాయి రమ్మన్నట్టు! నేను కత్తి పక్కన పెట్టి వెళ్ళాను. హెడ్మాస్టరు గారు సగం మొహంతో కూర్చున్నారు పాపం. తిరిగొచ్చాక ఆయన ఒక్కటే అన్నారు, "మీ అమ్మాయి గట్టిపిల్లండీ" అని. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సబ్బు పడిందన్నాను.

అంత గట్టిపిల్ల, నువ్వు ఫోన్ చేసి "మా కుక్క పిల్లల్ని పెట్టింది, పిట్టని పంపండి, నాలుగు రోజులుంటుంది" అన్నావా, ఎగిరి గంతేసింది. బట్టలు సర్దేసుకుంది. మళ్ళీ వచ్చి, గుమ్మం పట్టుకుని, నన్ను ఏమడిగిందో తెలుసా? కుక్కపిల్లలు ఏ రంగు అని అడగలేదు. "మామయ్య ఇంట్లో ఉంటాడా, డ్యూటీకి వెళ్తాడా?" అని అడిగింది.

అదీ సంగతి. ముళ్ళు గుచ్చుకున్నట్టుంది కదూ? నాకూ అలాగే ఉంది.

అలా చూడకు, తప్పంతా నీ నెత్తిన రుద్దడానికి కాదు ఇదంతా చెప్పేది. ఇంకోటుంది. అది చెప్పడానికే ఇంత సాగదీస్తున్నాను. కోప్పడనంటే చెప్తాను. తల ఊపకు! కత్తి! సరే, కోప్పడవు కదా.

దాన్ని కూర్చోబెట్టి, "నేను కూడా చిన్నప్పుడు తడిపేవాణ్ణే" అన్నాను. నమ్మలేదు. "నువ్వు నా కోసం చెప్తున్నావు" అంది. ఎంత తెలివి చూడు! "పెద్దవాళ్ళల్లో ఇంకెవరు?" అంది. నేనేం చెయ్యను? వాళ్ళమ్మ పేరు చెప్తే ఇంట్లో అన్నం పుట్టదు. ఆలోచించే టైమివ్వలేదది. నోటికొచ్చింది చెప్పేశాను.

నీ పేరు చెప్పేశాను బావా.

మామయ్య కూడా తడిపేవాడు, చాలా పెద్దయ్యేదాకా తడిపేవాడు, ఇప్పుడు చూడు ఎంత పెద్ద మీసముందో అన్నాను. దాని మొహం వెలిగిపోయింది! సంచీ భుజాన తగిలించుకుని అప్పట్నుంచీ మెట్ల మీదే కూర్చుంది. నువ్వు తీసుకెళ్ళడానికి వచ్చావుగా, నీతో వస్తుంది. కానీ ముందు నిన్నొకటి అడగాలట, "ఎలా తగ్గింది మామయ్యా" అని. నువ్వు కాదన్నావో, నా కొంప మునిగినట్టే. నీ కాళ్ళు పట్టుకుంటాను, ఔనని ఒక్క మాట...

ఏంటి? నురగ తుడుస్తానుండు. ఆఁ, ఇప్పుడు చెప్పు.

నాకెవరు చెప్పారా? ఎవరు చెప్పడమేంటి, నేనే అల్లాను.

మీ అమ్మ చెప్పిందా అంటావేంటి? ఆవిడతో నేను మాట్లాడి ఎన్నాళ్ళయింది! అక్కా? అక్కకి తెలియదంటున్నావు మళ్ళీ. ఏం తెలియదు?

ఓరి నాయనో.

అంటే... నిజమేనా బావా?

ఎప్పటిదాకా? చేతులెందుకు చూపిస్తున్నావు, ఆగు... అన్ని వేళ్ళా! పదేళ్ళదాకానా!

మీ నాన్న ఏం చేసేవాడు? ఆ దుప్పటి వీధిగోడ మీద ఆరేసేవాడా? బడికి పోయే పిల్లలంతా చూడాలని? అయ్యో. అందుకేనా ఆవేళ అందరికంటే ముందు నువ్వు అరిచింది? నీ తడిసిన లుంగీ చూసి ఇంకెవరైనా అరిచేలోపు?

కత్తి పక్కన పెట్టాను, చూడు. కళ్ళు తుడుచుకో. ఇదిగో తువ్వాలు. నాకేం కనబడలేదు, సబ్బు పడింది, సరేనా? అక్కతో చెప్పను, ఒట్టు. పిట్టకి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పు. గోడ సంగతి కూడా చెప్పు. దానికి అన్నీ అర్థమవుతాయి.

పిట్టా! లోపలికి రామ్మా, మామయ్య పిలుస్తున్నాడు!

ఏం ఖర్మ బావా నాది. కూతురి కోసం కష్టపడి ఒక్క అబద్ధం అల్లితే, అది కాస్తా నిజమై కూర్చుంది!